మినీ స్టేడియం అడిగే ముందు తాళం చెవి ఎవరి దగ్గర ఉందో అడగండి

ములుగు జిల్లాలోని మీ మండల కేంద్రానికి మినీ స్టేడియం, కమ్యూనిటీ హాలు మంజూరు కావాలంటే ఎవరిని కలవాలి, దరఖాస్తు ఎట్లా రాయాలి అని అడిగారు. ఎమ్మెల్యే నిధి, ఎంపీ నిధి, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), జిల్లా క్రీడల శాఖ అనే నాలుగు గుమ్మాల సంగతి మీకు ఎవరైనా చెప్తారు కనుక నేను వాటి జోలికి ఎక్కువగా పోను. అంతకన్నా ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి: మీ ఊళ్లో ఇప్పటికే కట్టి ఉన్న హాలు తాళం చెవి ఎవరి దగ్గర ఉంది, దాని కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు? వీటికి జవాబు దొరకకుండా ఇంకొక భవనం తెచ్చుకుంటే, శిలాఫలకం చెక్కేవారికి తప్ప ఊళ్లో ఎవరికీ దానివల్ల ఒరిగేది లేదన్నది నా గట్టి అభిప్రాయం.

ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ఫిజికల్ డైరెక్టరుగా నా ఉద్యోగంలో ఎక్కువ కాలం గోదావరి ఒడ్డు మండలాల్లోనే, ఏటూరునాగారానికి అటూ ఇటూ గడిచింది. అక్కడ ఒక మండల కేంద్రంలో బస్టాండుకు కొద్ది దూరంలో విశాలమైన హాలు ఒకటి ఉండేది. లోపల షటిల్ కోర్టు గీతలు, పక్కన రెండు గదులు, వెనుక మరుగుదొడ్లు, ముందు గ్రిల్ వేసిన వరండా, ఏ లోటూ లేదు. ప్రారంభోత్సవం నాడు, ఆ తరువాత ఎన్నికల నాడు తప్ప దాని తలుపులు తెరవగా చూసినవారు ఊళ్లో అరుదు. వరి కోతలు మొదలైనప్పుడు కొనుగోలు కేంద్రం వారు గన్నీ సంచులు, టార్పాలిన్లు తెచ్చి అందులో పెట్టుకునేవారు. ధాన్యం లారీలు వెళ్లిపోయినా సంచులు మాత్రం అక్కడే ఉండేవి.

2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర మూడవ ప్రమాద హెచ్చరికకే 53 అడుగులు సరిపోతాయి. ఆ నెల 16వ తేదీన నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తరువాత అంతటి నీటిని అక్కడ మళ్లీ చూడలేదు. మా వైపు వాగులన్నీ వెనక్కి తన్నడంతో ఒడ్డు మీది వాడలు మునిగాయి. ప్రజలను ఎక్కడికి చేర్చాలన్న ప్రశ్న వచ్చినప్పుడు అందరికీ ఆ హాలే గుర్తుకు వచ్చింది కానీ, తాళం చెవి ఏ కార్యాలయంలో ఉందో మాత్రం ఎవరికీ తెలియలేదు. ఒక అధికారి ఇంకొకరి పేరు చెప్పారు, ఆయన బదిలీ అయిపోయిన వేరొకరి పేరు చెప్పారు. చివరికి వానలో తడుస్తూ వచ్చిన వీఆర్ఏ (గ్రామ రెవెన్యూ సహాయకుడు) ఒకరు గడ్డపార తెచ్చి తాళం పగలగొట్టారు.

లోపలి సంచులను ఒక మూలకు నెట్టినప్పుడు వాటి వెనుక నుంచి ఒక చెక్కపెట్టె బయటపడింది. అందులో క్యారమ్ బోర్డు, విప్పని కవరులో షటిల్ నెట్టు, గాలి లేని వాలీబాల్, నాలుగు చదరంగం సెట్లు ఉన్నాయి. స్టాకు రిజిస్టరులో చేర్చినట్టు పెట్టె మీద నంబరు కూడా ఎర్ర రంగుతో రాసి ఉంది. అంటే కాగితాల మీద ఆ ఊరి పిల్లలు అప్పటికి ఎన్నో ఏళ్లుగా చదరంగం ఆడుతూనే ఉన్నారన్నమాట!

ఉపాధ్యాయులతో పాటు నాకూ ఆ పునరావాస కేంద్రంలో డ్యూటీ పడింది. మూడు షిఫ్టుల పట్టిక గోడకు అంటించారు. ప్రతి షిఫ్టుకు ఒక బాధ్యుడు, ఒక ఆశా వర్కరు, నీళ్లకు ట్యాంకరు, వెలుతురుకు జనరేటరు, మరుగుదొడ్లు కడగడానికి పంచాయతీ నుంచి ఒక మనిషి అని ఏర్పాటు చేశారు. మొదటి రాత్రి భయంతోనూ, ఇంట్లో వదిలి వచ్చిన కోళ్ల మీద, వడ్ల మీద బెంగతోనూ గడిచింది. రెండవ సాయంత్రానికి పిల్లలకు తోచక పెట్టె విప్పారు. క్యారమ్ బోర్డు చుట్టూ చేరినవారిలో తాతలూ మనుమలూ కలిసి ఉన్నారు. రోడ్డు తెగి దినపత్రిక ఆలస్యంగా చేరుతుంటే, వచ్చిన ఆ ఒక్క ప్రతినే విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరు వరండాలో కూర్చుని నీటిమట్టం వార్త మొదలుకొని చివరి పేజీ వరకు పైకి చదివి వినిపించేవారు.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది మాత్రం ఆడపిల్లలు. మా కళాశాలలో ఆటల పీరియడు వస్తే చెట్టు కింద కూర్చుని రికార్డులు రాసుకునే విద్యార్థినులు ఆ జనరేటరు వెలుతురులో నెట్టు కట్టించుకుని రాత్రి భోజనాల వేళ దాకా షటిల్ ఆడారు. వారిని చూసి ఇద్దరు ముగ్గురు తల్లులు కూడా కొంగు బిగించి దిగారు. వారిలో ఒకామె నాతో, "సారూ, గీ హాలు గవర్మెంటోళ్ల మీటింగులకే అనుకున్నం, మాకోసం గూడ కట్టిన్రా?" అని అడిగింది. ఇన్నాళ్లూ రాని ఆడవాళ్లు అప్పుడే ఎందుకు వచ్చారని నేను అప్పట్లోనే ఆలోచించాను. లైటు ఉంది, మరుగుదొడ్డిలో నీళ్లు ఉన్నాయి, తలుపు దగ్గర తమకు తెలిసిన ఆశా అక్క కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. భవనం మాత్రం అంతకు ముందు నెలలో ఉన్నదే. దానికి కొత్తగా వచ్చింది ఒక డ్యూటీ పట్టిక మాత్రమే. మా ప్రాంతంలో నేను చూసిన వాటిలో బాగా నడిచిన కమ్యూనిటీ హాలు ఏదని ఎవరైనా అడిగితే, వరద వచ్చిన ఆ కొద్ది రోజుల్లోని ఆ హాలే అని చెప్తాను.

నీళ్లు తీశాయి. జనం ఇళ్లలో బురద ఎత్తిపోసుకోవడానికి వెళ్లిపోయారు, హాలుకు కొత్త తాళం పడింది. సాయంత్రం రెండు గంటలు తెరిస్తే పిల్లలను నేను చూసుకుంటానని తాళం చెవి కోసం తిరిగితే అసలు చిక్కు బయటపడింది. నిధులు ఒక శాఖవి, స్థలం పంచాయతీది, సామాను ఇంకొక శాఖది. గుత్తేదారు తుది బిల్లు పెండింగులో ఉన్నందున భవనాన్ని ఎవరూ ఎవరికీ లెక్క ప్రకారం అప్పగించలేదు. అప్పగించని భవనానికి కరెంటు బిల్లు కట్టే పద్దు ఏ కార్యాలయంలోనూ ఉండదు కనుక మీటరు కనెక్షను కూడా తీసేశారు. ఇందులో దొంగతనం గానీ దుర్మార్గం గానీ నాకు కనిపించలేదు. కట్టడానికి డబ్బు ఇచ్చే పద్దు ఉంది, నడపడానికి ఇచ్చే పద్దు లేదు, అంతే.

అదే సంవత్సరం చలికాలంలో పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగాలకు ఈవెంట్లు, అంటే దేహదారుఢ్య పరీక్షలు వచ్చాయి. అబ్బాయిలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. మా వాళ్లు మోటారు సైకిలు మీటరుతో పెట్రోలు బంకు నుంచి కల్వర్టు దాకా దూరం కొలుచుకుని జాతీయ రహదారి మీదే తెల్లవారుజామున పరుగెత్తేవారు. ఇసుక లారీలు వచ్చే దారి కావడంతో ఆడపిల్లల వెనుక తండ్రులు బండి లైట్లు వేసుకుని నెమ్మదిగా నడుపుతూ వచ్చేవారు. ఆ ఏడాది జూన్ 2న ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి కదా అని మీరు అడగవచ్చు. మొదలయ్యాయి, కమాను మీద బోర్డు కూడా చక్కగా ఉంది. కాని ఊరి నడుమ ప్రభుత్వ స్థలం దొరకక చాలా చోట్ల చెరువు శిఖం (చెరువు నీరు నిలిచే భూమి) పక్కనో, వైకుంఠధామానికి (శ్మశానానికి) ఆనుకునో ఇచ్చారు. మా దగ్గరిది వానాకాలమంతా నీళ్లలో ఉండి, ఆరిన తరువాత నల్లరేగడి నెర్రెలు విచ్చి, పరుగెత్తేవాడి మడమ పట్టుకునేది. ఓపెన్ జిమ్ముల సంగతి చెప్పనే అక్కరలేదు. ఒక్క నట్టు ఊడితే బిగించే నాథుడు లేక బట్టలు ఆరేసుకోవడానికి మిగిలాయి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాకు వేసి 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిపినప్పుడు నేనూ వెళ్లి సంతోషంగా చూశాను. 2014లో శంకుస్థాపన జరిగిన కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబరులో తెరుచుకున్నందుకూ సంతోషమే. నగరానికి ఆ మాత్రం ఉండవలసిందే. కాని మా వైపు సాయంత్రం వేళ నమ్మకంగా తెరిచి ఉండేది వైన్సు, దాని పక్కన పర్మిట్ రూము. అక్కడ తాళం చెవి ఎవరి దగ్గర ఉందో ఊరందరికీ తెలుసు! లక్నవరంలో పర్యాటకులకు ఊగే వంతెన, పడవలు, కాటేజీలు ఉన్నాయి. ఆ రోడ్డు మీది ఊళ్ల పిల్లలకు మాత్రం ఈత నేర్పే మనిషి ఒక్కరు లేరు.

మైదానం ఉంటేనే క్రీడాకారులు పుడతారన్న వాదనను కూడా నేను ఒప్పుకోను. పర్వతగిరి మండలం కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో, మేధో వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో కాంస్యం తెచ్చింది. చిన్ననాట బడి పోటీల్లో ఆమె పరుగును ఒక మనిషి కన్ను పట్టుకోవడంతో ఆ దారి మొదలైంది. స్టేడియం ఆ తరువాతే వచ్చింది. సింగరేణి కాలనీల్లో ఆటలు ఇంకా బతికి ఉండడానికి కూడా కారణం ఇదేనని నా నమ్మకం. గోదావరిఖనిలోనైనా మందమర్రిలోనైనా మైదానాన్ని చూసుకోవడం ఎవరో ఒకరి ఉద్యోగంలో భాగమై ఉంటుంది.

గ్రంథాలయాల సంగతి చూడండి. 1960 నాటి చట్టం ప్రకారం మీరు కట్టే ఇంటి పన్నులో ప్రతి రూపాయి మీద ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. అంటే నడిపే ఖర్చుకు పద్దు ముందే చట్టంలో రాసి ఉంది. వసూలైన సెస్సును స్థానిక సంస్థలు సకాలంలో జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయవన్న ఫిర్యాదు పాతదే అయినా, శాఖా గ్రంథాలయాలు శుక్రవారం సెలవు పోను పొద్దునా సాయంత్రం తలుపు తీస్తున్నాయి. గ్రూప్స్ చదివే పిల్లలు నేల మీద కూర్చుని కూడా చదువుకుంటున్నారంటే, అక్కడ తలుపు తీసే మనిషి ఉన్నాడు కనుకనే. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం 1904లో, నిజాం కాలంలో, సర్కారు మంజూరు కోసం ఎదురుచూడకుండా పుట్టింది.

కనుక దరఖాస్తు రాసేటప్పుడు స్టేడియం అన్న మాటను చివరి పేరాకు నెట్టండి. మొదట, ఉన్న హాలును ఫలానా శాఖ పంచాయతీకి అప్పగించాలని, కరెంటు బిల్లును ఫలానా పద్దు నుంచి కట్టాలని, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా తెరిచి కూర్చోవడానికి ఊళ్లోని మహిళ ఒకరిని గౌరవ వేతనంతో పెట్టాలని రాయండి. ఈ పనిని పంచాయతీ మల్టీపర్పస్ కార్మికుడి నెత్తిన వేయనీయకండి. చెత్త ట్రాక్టరు, నర్సరీ, వైకుంఠధామం, మోరీలు అన్నీ ఇప్పటికే ఆయన మీదే ఉన్నాయి. స్థలం గురించి రాయవలసి వస్తే బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలోనే కావాలని పట్టుబట్టండి, శిఖం భూమి చూపిస్తే ఒప్పుకోకండి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి. అందులో దీనిని తీర్మానంగా రాయించి, కార్యదర్శి సంతకంతో నకలు తీసుకుని, ఆ నకలును జతపరిచిన తరువాతనే ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు మీ వెంట ఆడపిల్లలు కూడా ఉంటే, ఎక్కడ ఆడుకుంటున్నారని ఎమ్మెల్యే వారిని అడుగుతారు. ఆ జవాబు వాళ్లనే చెప్పనివ్వండి.