కథ ఉంది, టీమ్ లేదు: కృష్ణానగర్‌లో నాకు తెలిసొచ్చింది

తెనాలి నుంచి అడిగారు కదా, రెండు షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టులు ఒక సినిమా కథ రాసుకున్నా, ఇండస్ట్రీలో ఎవరూ తెలీదు, కెమెరా, ఎడిటింగ్ చేసేవాళ్ళు, నటులు, కలిసి రాసేవాళ్ళు ఎలా దొరుకుతారు, హైదరాబాద్ వచ్చేయాలా అని.

ఆ చివరి దానికి ముందు చెప్తా. ఇప్పుడే వచ్చేయకండి. నేను 2017లో అలాగే వచ్చేసా. కృష్ణానగర్‌లో నలుగురం కలిసి ఒక రూమ్, పగలు మాదాపూర్‌లో కాల్ సెంటర్, రాత్రి కథలు. మొదటి ఏడాది నాకు పరిచయమైన వాళ్ళంతా దాదాపు నాలాంటి వాళ్ళే, అంటే బ్యాగులో స్క్రిప్ట్ పెట్టుకుని వినేవాడి కోసం తిరిగేవాళ్ళు. టీ కొట్టు దగ్గర ఒకడు కథ లైన్ చెప్తుంటే మిగతా ముగ్గురం బుర్ర ఊపుతూ వాడెప్పుడు ఆపుతాడా మనదెప్పుడు మొదలెడదామా అని చూస్తుండేవాళ్ళం. నేనూ అంతే, ఏం తక్కువ తిన్లేదు.

తర్వాత ఫేస్‌బుక్ గ్రూపుల్లో పోస్ట్ పెట్టా. ప్యాషన్ ప్రాజెక్ట్, రెమ్యునరేషన్ ఉండదు, టాలెంట్ ఉన్నవాళ్ళు మెసేజ్ చేయండి అని. ఓ నలభై మెసేజులొచ్చాయి, అందులో ముప్పై పైన "అన్నా హీరో క్యారెక్టర్ ఉందా" అనే. ఇద్దరేమో కథ మీది డైరెక్షన్ నాది అన్నారు. కెమెరా వాడు ఒక్కడు లేడు, సౌండ్ వాడు అసల్లేడు. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది, కెమెరా ఉన్నవాడికి పని ఉంటుంది, పని ఉన్నవాడు ఊరికే చేసిపెట్టమనే పోస్టులు చదువుతూ కూర్చుంటాడా. పైగా ఆ పోస్టులో నాకేం కావాలో ఉంది గానీ వాడికేం వస్తుందో ఒక్క ముక్క లేదు. ఆ గ్రూపుల్లోనే ఒకాయన టీమ్ మొత్తం నేను సెట్ చేస్తా తమ్ముడూ అని నా దగ్గర 15 వేలు తీసుకుని ఫోన్ ఎత్తడం మానేసాడు. టీమ్ సెట్ చేస్తా, ఆడిషన్ ఫీజు, యూనియన్ కార్డు ఇప్పిస్తా, ఈ మూడు మాటల్లో ఏది వినపడ్డా లేచి వచ్చేయండి.

నాకు మనుషులు దొరికింది వేరే చోట. రవీంద్రభారతిలో పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ ఉంది, అక్కడ తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ వాళ్ళు సినివారం అని శనివారాలు కొత్తవాళ్ళ షార్ట్ ఫిల్మ్‌లు వేసేవాళ్ళు. ఏసీలో కూర్చోవచ్చని వెళ్ళా, అబద్ధం ఎందుకు. షో అయ్యాక అందరూ డైరెక్టర్ చుట్టూ మూగుతారు, సెల్ఫీలు గట్రా. ఎడిటర్, సౌండ్ చేసినవాడు వెనక గోడకి ఆనుకుని ఫోన్ చూసుకుంటుంటారు, వాళ్ళని ఎవడూ పలకరించడు. ఒక రోజు అలా ఒకతని దగ్గరికెళ్ళి, ఆ వంటింటి సీన్లో ఆవిడ మాట పూర్తవకుండానే కట్ చేసారేంటండీ, బావుంది అన్నా. అతని మొహం వెలిగిపోయింది. ఆవిడ డైలాగ్ చివర్లో నవ్వేసిందట, వేరే టేక్ లేదట, అందుకని కోసేసాడట. లకిడికాపూల్ బస్టాప్ దాకా నడుస్తూ ఓ ముప్పావు గంట చెప్పాడు. నా కథ గురించి నేను ఒక్క మాట ఎత్తలేదు (ఎత్తాలని ప్రాణం కొట్టుకుంది). అతను బతుకుతెరువుకి అమీర్‌పేటలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. వచ్చే ఆదివారం మా వాళ్ళ షూట్ ఉంది, మనుషులు తక్కువున్నారు వస్తావా అన్నాడు. వెళ్ళా. రెండ్రోజులు ఎండలో, నటుల మొహం మీద వెలుతురు పడేలా థర్మాకోల్ షీట్ పట్టుకుని నిలబడ్డా, పులిహోర పొట్లాలు పంచా. నా షార్ట్ ఫిల్మ్ తీసిపెట్టిన కెమెరామన్ ఆ సెట్లో దొరికినవాడే, రెండు నెలల తర్వాత నేను అడక్కముందే "నీ కథేదో ఉందన్నావంట" అని ఫోన్ చేసాడు. ఏడాది పాటు చెప్పిన నేరేషన్లకి రాని మనిషి రెండ్రోజుల థర్మాకోల్‌కి వచ్చాడు.

పెళ్ళి వీడియోల గురించి ఇంకో ముక్క, ఇది ఎవరూ చెప్పరు. మీ ఊళ్ళో పెళ్ళిళ్ళు తీసే కుర్రాళ్ళ దగ్గర మంచి కెమెరాలు, లెన్సులు, కెమెరా కుదుపు లేకుండా ఆపే గింబల్, డ్రోన్ అన్నీ ఉంటాయి, తక్కువ లైట్లో కదిలేవాళ్ళని ఫోకస్‌లో పెట్టడం వాళ్ళకి అలవాటైన పని. ఆషాఢం, మూఢం, పుష్యమాసం వస్తే ముహూర్తాలుండవు, ఆ సామాను మొత్తం బీరువాలో పడుంటుంది. వాళ్ళకీ ఎప్పుడూ తలంబ్రాలు, అప్పగింతలే తీసి తీసి విసుగొచ్చి ఉంటుంది, షోరీల్‌లో, అంటే తమ పని చూపించుకునే వీడియోలో పెట్టుకోడానికి ఒక కథ ఉన్న వీడియో కావాలి. మాఘమాసంలో అడిగితే కుదర్దంటారు, ఆషాఢంలో అడిగి చూడండి. మేం తీసిన మూడు షార్ట్ ఫిల్మ్‌లూ ఆషాఢంలో తీసినవే. వానొస్తుంది, అదొక్కటే బాధ.

కలిసి రాసేవాడు దొరకడం మాత్రం దీనికంటే కష్టం. ఎవరికి చదివించినా "సూపర్ ఉంది మామా" అంటారు. ఒకడు మాత్రం, వరంగల్ అతను, ఆ థర్మాకోల్ షూట్‌లోనే క్లాప్ బోర్డు కొడుతుండేవాడు, నా స్క్రిప్ట్ తీసుకెళ్ళి మూడ్రోజుల తర్వాత "11వ పేజీలో నేను ఫోన్ చూసిన్నే" అన్నాడు. అంతే అన్నాడు. మండింది. ఇంటికెళ్ళి చూస్తే ఆ పేజీలో ఇద్దరు మనుషులు ప్రేక్షకుడికి ముందే తెలిసిన విషయాన్ని మళ్ళీ మాట్లాడుకుంటున్నారు. ఇంకోసారి నేను రాసిన తెలంగాణ డైలాగులు చూసి, "ఇది తెలంగాణ కాదన్నా, సినిమా తెలంగాణ, మా ఇంట్ల ఎవ్వలు ఇట్ల మాట్లాడరు" అని పెన్ను తీసుకుని ఒక్కో మాట కొట్టేసాడు. నేను కోస్తా వాణ్ణి, నాకేం తెలుసు. ఇప్పటికీ అతనితోనే రాస్తున్నా. ఆదివారం ఇరానీ హోటల్లో కూర్చుంటాం, సీన్ల వరస అతను చూస్తాడు, మాటలు నేను రాస్తా, పోట్లాడుకుంటాం. మీరు కూడా ఎవరితోనైనా మొదలెట్టేముందు రెండు పేజీల సీన్ ఒకటిచ్చి బావుందా అని అడక్కండి, ఎక్కడ బోర్ కొట్టింది అని అడగండి. అస్సలు కొట్టలేదు అనేవాడితో స్నేహం చేయండి, స్క్రిప్ట్ రాయకండి.

ఇంకో దారి పోటీలు. ఇండియా ఫిల్మ్ ప్రాజెక్ట్ వాళ్ళది 50 గంటల పోటీ ఒకటుంది, థీమ్ ఇస్తారు, రాయడం, తీయడం, ఎడిట్ అన్నీ ఆ 50 గంటల్లోనే. మేం ఒకసారి చేసాం, ప్రైజ్ గీజ్ ఏం రాలేదు. కానీ రెండో రాత్రి మూడింటికి ఎవడు అలిగి పడుకుంటాడో, ఎవడు మ్యాగీ చేసి తెచ్చి ఎక్స్‌పోర్ట్ అయ్యేదాకా పక్కన కూర్చుంటాడో తెలిసిపోతుంది. ఆరు నెలల టీ మాటల్లో అది తెలీదు.

దెబ్బ తిన్నదీ చెప్పాలి. ఒక ఫ్రెండ్ షార్ట్ ఫిల్మ్‌కి సగం స్క్రీన్‌ప్లే, మాటలు మొత్తం నేనే రాసా. యూట్యూబ్‌లో చూస్తే చివర్లో థాంక్స్ పేర్ల పక్కన "మాటల సహకారం" అని నా పేరు. పైన పెద్దక్షరాల్లో కథ స్క్రీన్‌ప్లే మాటలు దర్శకత్వం అంతా ఒకే కార్డు, అతని పేరు. మనవాళ్ళకి ఆ సింగిల్ కార్డు మీద ఉండే మోజు ఇంతా అంతా కాదు. తప్పు నాది కూడా, ముందు అడగలేదు, ఫ్రెండ్ కదా ఎలా అడుగుతాం అనుకున్నా. ఇప్పుడు షూట్‌కి ముందే వాట్సాప్ గ్రూప్‌లో టైటిల్ కార్డులు టైప్ చేసి పెడతాం, ఎవరి పేరు ఎక్కడ, ఏ వరసలో అని, అందరూ ఓకే కొట్టాకే డేట్ ఫిక్స్.

కథ కొట్టేస్తారేమో అని ఎవరికీ చూపించకుండా దాచుకోకండి. ఐడియాకి కాపీరైట్ ఉండదు, రాసిన స్క్రిప్ట్‌కి ఉంటుంది, సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. పూర్తిగా రాసి కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ చేసుకోండి, లిటరరీ వర్క్ కింద ఫీజు 500 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే అప్లై చేయొచ్చు. హైదరాబాద్‌లో సినీ రచయితల సంఘం కూడా ఉంది. కొత్తగా పరిచయమైనవాళ్ళకి ముందు ఒక పేజీ సినాప్సిస్, అంటే కథ సారాంశం, మెయిల్ చేస్తే చాలు, ఎప్పుడు పంపారో తారీఖు ఉంటుంది.

ఇక మీ సంగతి. తెనాలిలో ఉండి నటులు ఎక్కడ అని అడగడం సముద్రం ఒడ్డున కూర్చుని ఉప్పు కోసం వెతకడమే. మీ చుట్టుపక్కల పరిషత్తు నాటకాలు ఇప్పటికీ ఆడుతున్నారు, వెళ్ళి ముందు వరసలో కూర్చోండి, అయ్యాక మేకప్ తుడుచుకుంటుంటే పలకరించండి. స్టేజీ మీద గొంతు పెద్దగా ఉంటుంది, కెమెరా ముందు కాస్త తగ్గించమని చెప్పుకోవాలి అంతే. 2018లో వచ్చిన కేరాఫ్ కంచరపాలెం సినిమాలో కనపడేవాళ్ళు చాలామంది విశాఖలో ఆ పేటలో ఉండేవాళ్ళే, అంతకుముందు కెమెరా మొహం చూసినవాళ్ళు కాదు. మీ రెండు స్క్రిప్టుల్లో ఏది చిన్నదో అది, నాలుగైదు నిమిషాలకి కుదించి, మీ వీధిలోనే తీసేయండి. హైదరాబాద్ వచ్చినప్పుడు కథ ఉందండీ అని చెప్పే బదులు లింక్ పంపొచ్చు.

డబ్బుల మాట అడగలేదు గానీ అదీ చెప్తా. మా మొదటి దానికి 9 వేలు అయింది. ఎవరికీ పేమెంట్ లేదు, కానీ అందరికీ పెట్రోల్, రెండు పూటలా భోజనం, అదీ టైముకి. భోజనం రెండింటికి కాకుండా నాలుగింటికి వస్తే ఆ టీమ్ మళ్ళీ రాదు. మిగిలిన దాంట్లో హార్డ్ డిస్క్ రెండు కొనండి, ఒకటి కాదు. రెండో ఫిల్మ్‌కి ఒకటే కొన్నాం, ఎడిటర్ బల్ల మీంచి కింద పడింది, ఒక రోజు షూట్ మొత్తం పోయింది. మళ్ళీ అందర్నీ ఫోన్లు చేసి పిలిస్తే, తాతగా వేసినాయన అప్పటికే గుండు కొట్టించుకుని తిరుపతి నుంచి దిగారు.