పిల్లికూన తుమ్ములు: ముందు ముక్కు సంగతి చూడండి

ఎంవీపీ కాలనీలో మెట్ల కింద దొరికిన ఆరు వారాల కూన తుమ్ముతోంది, కళ్ళు అంటుకుపోతున్నాయి, పాలు ముట్టడం లేదు అన్నారు కదా. చాలావరకు ఇది పిల్లుల జలుబే. హెర్పిస్ లేదా కాలిసి వైరస్ వల్ల వస్తుంది. మీకు అంటదు, ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే దానికి అంటుతుంది.

ముక్కు మూసుకుపోతే వాసన తెలియదు, వాసన తెలియకపోతే పిల్లి తినదు. అసలు చిక్కు అక్కడే. గోరువెచ్చని నీళ్ళలో తడిపిన దూదితో ముక్కు, కళ్ళు తుడవండి, ఒక్కో కంటికి వేరే దూది. ఆవుపాలు మానేసి, ఉప్పు లేకుండా ఉడికించిన చేపను ముళ్ళు తీసి మెత్తగా చిదిమి, వెచ్చగా పెట్టండి. మా కూనైతే వంజరం వాసనకే లేచి కూర్చుంది, రాజావారి తిండి!

పారాసిటమాల్ చుక్క కూడా వద్దు, పిల్లులకు అది విషం. చీమిడి పచ్చగా మారినా, పూటంతా ఏమీ తినకపోయినా డాక్టర్‌కి చూపించండి. నోరు తెరిచి రొప్పుతుంటే మాత్రం అర్ధరాత్రయినా సరే, వెంటనే బయల్దేరండి.