సర్క్యూట్స్ బ్యాక్‌లాగ్‌ను పక్కనపెట్టి మెషీన్స్ చదవవచ్చునా?

రెండో సంవత్సరం ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్)లో ఉన్న మీరు, మొదటి సంవత్సరపు సర్క్యూట్స్, గణితం పేపర్లు మిగిలిపోయాయని, వాటిని చివరి సంవత్సరానికి వాయిదా వేసి ప్రస్తుతం మెషీన్స్ (మోటార్లు, జనరేటర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల పేపర్) మీదే దృష్టి పెట్టవచ్చునా అని అడిగారు. వాయిదా వేయవద్దనే నా సలహా.

ట్రాన్స్‌ఫార్మర్ షార్ట్ సర్క్యూట్ టెస్టునే తీసుకోండి. ఒకవైపు వైండింగ్‌ను షార్ట్ చేసి, రెండోవైపు వేరియాక్‌తో (వోల్టేజీని కావలసినంతకు మార్చే పరికరం) వోల్టేజీని మెల్లగా పెంచుతూ రేటెడ్ కరెంటు వద్ద ఆపినప్పుడు మీటర్లు 10 వోల్టులు, 4 ఆంపియర్లు, 32 వాట్లు చూపాయనుకుందాం. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే ఇంపెడెన్స్ (ఏసీ కరెంటుకు ఎదురయ్యే మొత్తం అడ్డంకి) 2.5 ఓములు, వాట్లను కరెంటు వర్గంతో భాగిస్తే రెసిస్టెన్స్ 2 ఓములు, కాబట్టి 2.5 వర్గం నుంచి 2 వర్గం తీసేసి వర్గమూలం కడితే రియాక్టెన్స్ (వైండింగ్ అయస్కాంత ప్రభావం వల్ల కలిగే అడ్డంకి) 1.5 ఓములు. ఇందులో మెషీన్స్‌కే పరిమితమైన లెక్క ఒక్కటీ లేదు. అంతా మీరు వదిలేసిన ఏసీ సర్క్యూట్సే. రికార్డులో సీనియర్ల రీడింగులు ఎక్కించడం సులువే కానీ, వైవాలో (మౌఖిక పరీక్షలో) ఆ 1.5 ఎక్కడిదని అడిగితే నోరు పెగలదు.

గణితంలో ముందుగా అవకలన సమీకరణాలు, లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ పూర్తి చేయండి, ఎందుకంటే కంట్రోల్ సిస్టమ్స్‌లో ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ (ఇన్‌పుట్‌కు, ఔట్‌పుట్‌కు ఉన్న సంబంధాన్ని చెప్పే నిష్పత్తి) మొదలయ్యేది అక్కడి నుంచే. మాతృకలు పవర్ సిస్టమ్స్‌లో లోడ్ ఫ్లో (గ్రిడ్‌లో విద్యుత్తు ఏ లైన్‌లో ఎంత ప్రవహిస్తుందో కట్టే లెక్క) వచ్చేవరకు ఆగగలవు. ఎలక్టివ్‌ల ఎంపిక గురించి ఇప్పుడే ఆలోచించనక్కరలేదు. సప్లిమెంటరీ ఫీజు గడువు మాత్రం ఈ వారమే కళాశాల పరీక్షల విభాగంలో కనుక్కోండి.