అద్దె ఇంట్లో బాల్ పైథాన్‌ని ప్లాస్టిక్ డబ్బాలో పెంచవచ్చా? బయటికి రాకుండా ఏం చేయాలి?

మీరు గుంటూరు బ్రాడీపేటలో అద్దెకుంటున్నారు. పిల్ల బాల్ పైథాన్‌ని (ఆఫ్రికాకి చెందిన, విషం లేని చిన్న కొండచిలువ జాతి) తెచ్చుకోబోతున్నారు. గాజు ట్యాంకు ఖరీదెక్కువ కాబట్టి బట్టలు సర్దుకునే ప్లాస్టిక్ స్టోరేజ్ డబ్బా సరిపోతుందా, అందులోంచి తప్పించుకుంటుందా అని అడిగారు. సరిపోతుంది. మూత సరిగ్గా ఉంటే తప్పించుకోలేదు. నేను విజయవాడలో అపార్ట్‌మెంట్‌లో ఒక బాల్ పైథాన్‌నీ, ఒక కార్న్ స్నేక్‌నీ (అమెరికాకి చెందిన, విషం లేని పాము) కొన్నేళ్లుగా ఇలాంటి డబ్బాల్లోనే పెంచుతున్నాను. గాజు ట్యాంకు కొనగలిగినా బాల్ పైథాన్ పిల్లకి నేను డబ్బానే ఎంచుకుంటాను. ఆఫ్రికాలో అది ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో పగలంతా దాక్కుని రాత్రి బయటికొచ్చే పాము. నాలుగు వైపులా మనుషులు కనిపించే గాజు పెట్టెలో బెదిరిపోయి తిండి మానేయవచ్చు. మసకగా కనిపించే ప్లాస్టిక్ డబ్బాలో, తలదాచుకునే చిన్న గూడు ఒకటి పెడితే, నెమ్మదిగా ఉంటుంది.

డబ్బా కన్నా ముందు కాగితాలు చూసుకోండి. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ, రెండుతలల పాము లాంటి మన నేల పాముల్ని ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైథాన్ విదేశీ జాతి, అయినా వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. అందువల్ల 2022 సవరణ తర్వాత మన చట్టంలోని నాలుగో షెడ్యూలు దానికి వర్తిస్తుంది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. అమ్మేవాళ్ల దగ్గర ఆ కాగితాలు లేకపోతే ఎంత తక్కువకిచ్చినా తీసుకోకండి. కార్న్ స్నేక్ సైటిస్ జాబితాలో లేదు, కానీ దానికీ బిల్లు తీసుకుని దాచుకోవడం మంచిది.

ఇప్పుడు మూత సంగతి. పాము మూతని తలతో ఒక్కసారిగా ఎత్తెయ్యదు. రాత్రంతా అంచుల వెంట ముక్కుతో నెట్టుకుంటూ తిరుగుతుంది. ఎక్కడ కాస్త వంగితే అక్కడ మళ్లీ మళ్లీ నెడుతుంది. తల పట్టిందంటే ఒళ్లంతా పట్టినట్టే. పెద్ద డబ్బాలకి రెండు చివర్లా రెండు క్లిప్పులే ఉంటాయి. ఆ చివర్లు బిగుతుగానే ఉంటాయి, పొడుగు వైపు మధ్యలో మాత్రం మూత లేస్తుంది. కొనేటప్పుడే మూత బిగించి, ఆ మధ్య భాగాన్ని వేలితో పైకి నెట్టి చూడండి. చిటికెన వేలి కొన దూరే సందు కనిపించినా ఆ డబ్బా వద్దు. విజయవాడ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల ప్లాస్టిక్ సామాన్ల దుకాణాల్లో నేను ఇలాగే ఒక్కొక్కటీ నొక్కి చూసి తెచ్చుకున్నాను. మీకు పట్నంబజార్ వైపు దొరుకుతాయి. నాలుగు వైపులా క్లిప్పులున్నవి దొరికితే అవే తీసుకోండి. దొరక్కపోతే సూట్‌కేసుకి కట్టే బెల్టు నడుముకి అడ్డంగా బిగిస్తే ఆ వంపు రాదు. మూత మీద ఇటుకో, పుస్తకాలో పెట్టడం పనికిరాదు. బరువు మధ్యలో పడుతుంది, పాము నెట్టేది అంచుని. పైగా బరువుకి మూత కుంగి మూలలు లేస్తాయి. చుట్టూ రబ్బరు ఉన్న వంటింటి డబ్బాలు గాలి ఆడనివ్వవు, అవి అసలు తీసుకోవద్దు.

మూత గురించి నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర ఉండే మా స్నేహితుడి కార్న్ స్నేక్ పిల్ల మూల సందులోంచి బయటపడి, మెట్ల దగ్గర కనిపించింది. వాచ్‌మన్ కర్రతో కొట్టేశాడు. అతన్ని తప్పు పట్టలేం. పాము కనిపిస్తే మన వైపు ఎవరైనా చేసే పని అదే. మీది బాల్ పైథాన్, లావుగా, గోధుమ రంగు మచ్చలతో ఉంటుంది. భయపడ్డవాళ్ల కళ్లకి అది రక్తపింజరే.

దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదం. మీది కింది అంతస్తు అయితే వానాకాలంలో నిజంగానే రక్తపింజరో, కట్లపామో ఇంట్లోకి రావచ్చు. మీ మూత మీద మీకే నమ్మకం లేకపోతే, చీకట్లో మంచం కింద కదిలిన పాముని 'అయ్యో, మనదే' అనుకుని చెయ్యి పెడతారు. మూత గట్టిదైతే నేల మీద కనిపించిన పాము మనది కాదని ముందే తెలుస్తుంది. అయినా సరే, నేల మీద ఏ పాము కనిపించినా ముందు లైటు వేసి, దూరం నుంచే డబ్బాలో మన పాము ఉందో లేదో చూసుకోవాలి. ఇంట్లో అందరికీ ఈ మాట చెప్పి పెట్టండి. ఇంటి ఓనర్‌కి కూడా చెప్పకుండా దాచవద్దు.

గాలి రంధ్రాలకి సోల్డరింగ్ ఐరన్ చాలు. ఖాళీ డబ్బాని బాల్కనీలో పెట్టి చేయండి, ఆ పొగ పీల్చకూడదు. లోపలి నుంచి బయటికి గుచ్చితే కరిగిన ప్లాస్టిక్ అంచు బయట వైపు ఉంటుంది. బయటి నుంచి గుచ్చితే ఆ గరుకు లోపలికొచ్చి, రాత్రుళ్లు నెట్టే ముక్కు చెక్కుకుపోతుంది. పిల్ల పాముకి మూడు నాలుగు మిల్లీమీటర్ల రంధ్రాలు సరిపోతాయి. ఎదురెదురు గోడలకి పెట్టండి, అప్పుడే గాలి అటు నుంచి ఇటు సాగుతుంది. ఎన్ని పెట్టాలో డబ్బాయే చెబుతుంది: గోడలకి నీటి చుక్కలు పడుతుంటే చాలలేదని అర్థం. బాల్ పైథాన్‌కి తేమ 60 శాతం చుట్టుపక్కల ఉంటే చాలు. మన వైపు వానాకాలంలో గాలిలోనే అంతకన్నా ఎక్కువ ఉంటుంది కాబట్టి విదేశీ వీడియోల్లో చూపించే నాలుగైదు రంధ్రాలతో సరిపెట్టకండి. ఎప్పుడూ చెమ్మగా ఉంటే పొట్ట కింద పొలుసులు పాడవుతాయి, ఊపిరితిత్తులకి జబ్బు చేస్తుంది. ఏసీ గదిలో దీనికి వ్యతిరేకంగా గాలి పొడిబారి, కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. అప్పుడు తడిపి పిండిన కొబ్బరి పొట్టు ఒక మూల పెడితే సర్దుకుంటుంది.

మన ఊళ్లలో డబ్బాలో పాము చచ్చిపోయేది చలికి కాదు, ఎండకి. బాల్ పైథాన్‌కి వెచ్చని వైపు 31, 32 డిగ్రీలు, చల్లని వైపు 25 నుంచి 27 ఉండాలి. 35 దాటితే ప్రాణం మీదకొస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు, ఆ రోజుల్లో స్లాబు కింది గది సాయంత్రానికి కూడా చల్లారదు. పై అంతస్తులో ఉంటే, కూలరో ఏసీనో లేకపోతే, ఈ వేసవికి పాముని తెచ్చుకోకండి. ఇది కచ్చితంగా చెబుతున్నాను. డబ్బాని పడమటి గోడకి ఆనించకండి. కిటికీ ఎండ నేరుగా పడితే మూసిన ప్లాస్టిక్ లోపల కొద్దిసేపట్లోనే పాము ఉడికిపోతుంది. నేను వేసవిలో డబ్బాల్ని బల్ల మీద నుంచి దించి గచ్చు మీద పెడతాను. కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్లో గడ్డకట్టిన నీళ్ల సీసాని తువ్వాలులో చుట్టి డబ్బా బయట ఒక చివర ఆనిస్తాను. లోపల ఐసు పెట్టను.

డిసెంబరు, జనవరి రాత్రులకి మాత్రం హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలచని షీటు) కావాలి. డబ్బా అడుగులో మూడో వంతు కింద పరిచి, కోడిగుడ్ల ఇంక్యుబేటర్లకి వాడే డిజిటల్ థర్మోస్టాట్‌కి (వేడి హద్దు దాటకుండా ఆపే పరికరం) కలపండి. థర్మోస్టాట్ లేని మ్యాట్ పాము పొట్టని కాలుస్తుంది, ప్లాస్టిక్‌నీ వంచేస్తుంది. అలా వంగిన డబ్బాకి మూత ఇక బిగియదు. మూత పైన బల్బు వేలాడదీయడం ప్లాస్టిక్ డబ్బాకి కుదరదు.

అడుగున పాత న్యూస్‌పేపరు వేస్తే రెట్ట తీయడం తేలిక. చీమల కోసం చాక్‌పీసు మందు డబ్బా దగ్గర గీయవద్దు, బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. ఫినాయిల్‌తో కడగకండి. కలరా ఉండలున్న అలమారలో డబ్బా పెట్టకండి. డబ్బాకి సబ్బు, వేడినీళ్లు, ఎండలో ఆరబెట్టడం చాలు.

పిల్లకి పది పదిహేను లీటర్ల డబ్బా సరిపోతుంది. మరీ పెద్దదైతే గూళ్లు, కాగితపు ముద్దలు ఎక్కువ పెట్టి నింపాలి, ఖాళీగా ఉంటే బెదురుతుంది. పెరిగేకొద్దీ మార్చాలి. ఆడది నాలుగడుగులు దాటుతుంది. ఒళ్లు చాచుకునే పొడవు లేని డబ్బాలో పెద్ద పాముని జీవితాంతం ఉంచడం నాకు ఇష్టం లేదు, చాలామంది పెంపకందార్లు ఉంచుతారు కానీ నేను ఒప్పుకోను. నా బాల్ పైథాన్‌కి ఇప్పుడు మంచం కింద పెట్టే పొడుగు డబ్బా వాడుతున్నాను. అదీ చాలనప్పుడు వడ్రంగి చేత చెక్కపెట్టె చేయిస్తాను.

పాముని తెచ్చే ముందు డబ్బా సిద్ధం చేసి, నీళ్ల గిన్నె, గూడు పెట్టి, రెండు చివర్లా థర్మామీటర్లు ఉంచి ఒక వారం ఖాళీగా నడపండి. మధ్యాహ్నం మూడింటికీ, తెల్లవారుజామునా ఎంత చూపిస్తోందో రాసుకోండి. ఆ అంకెలు, మీ గది ఏ అంతస్తులో ఉందో, కిటికీ ఏ వైపు ఉందో ఇక్కడ రాస్తే రంధ్రాలు పెంచాలా, డబ్బా చోటు మార్చాలా చూసి చెబుతాను.