టావు తీసేయండి, కానీ ముందు మౌనాన్ని గుర్తించండి

యంత్రం ఒక స్టేట్ (స్థితి) నుంచి ఇంకోదానికి ఎలా వెళ్తుందో గీసిన మోడల్‌లో, బయటికి కనిపించని ఇంటర్నల్ యాక్షన్లు (వాటి గుర్తు టావు) తీసేసి, స్టేట్లు కలిపేసి, మిగిలినదాంతో టెస్టులు రాసుకోవచ్చా అని అడిగారు. రాసుకోవచ్చండి. కాకపోతే కలిపే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అది చేయకే మేం రెండు వారాలు పోగొట్టుకున్నాం.

మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర పల్లె. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బులు ఎక్కువ కాబట్టి మంచినీళ్ల యంత్రం సరిగ్గా పనిచేయడం మాకు చిన్న విషయం కాదు. అలాంటి యంత్రం కంట్రోలర్‌నే నేను టెస్ట్ చేశాను. కార్డు పెడితే నీళ్లు వదులుతుంది. లేదా లోపల ట్యాంకు మట్టం చూసుకుని, తక్కువుంటే ఏ లైటూ వెలిగించకుండా ఆగిపోతుంది, ఆపరేటర్ మోటారు వేసేదాకా అంతే. ఆ మట్టం చూసుకోవడమే మా టావు.

నేను యంత్రం ఆగిన స్టేట్ నుంచి వెళ్లే ట్రాన్సిషన్లను (స్టేట్ మారే బాణాలను) కార్డు పెట్టిన స్టేట్‌కి ఎక్కించి టావు తీసేశాను. యాక్షన్ల వరుసలు పాత మోడల్‌తో సరిపోయాయి, ధైర్యంగా ఉన్నాను. ట్యాంకు తగ్గిన ప్రతిసారీ టెస్ట్ ఫెయిల్! డెవలపర్లేమో యంత్రం చెప్పినట్టే చేస్తోందన్నారు. వాళ్లదే నిజం. ఆగిపోవడం స్పెసిఫికేషన్‌లో ఉంది. నా కొత్త స్టేట్‌లో మాత్రం నీళ్లు అనే అవుట్‌పుట్ ఉంది కాబట్టి అది మౌనంగా ఉండటానికి వీల్లేదని టెస్ట్ అనుకుంది.

యంత్రం స్పెసిఫికేషన్ ప్రకారమే నడుస్తోందా అని టెస్ట్ చేయడానికి కంప్యూటర్ శాస్త్రవేత్త ట్రెట్‌మాన్స్ 1996లో ఇచ్చిన ఐఓకో పద్ధతిలో మౌనం కూడా బయటికి కనిపించేదే, దాని గుర్తు డెల్టా. అవుట్‌పుట్ గానీ టావు గానీ బయల్దేరని స్టేటే మౌనమైనది. ముందు అసలు మోడల్‌లో అలాంటి ప్రతి స్టేట్‌కీ తన మీదికే తిరిగొచ్చే డెల్టా బాణం పెట్టండి, ఆ తర్వాతే టావు తీయండి. అలా చేశాక మా టెస్ట్ నీళ్లనీ ఒప్పుకుంది, మౌనాన్నీ ఒప్పుకుంది.

టావులతోనే తిరిగి మొదటికొచ్చే చక్రాలుంటే ఇంకా జాగ్రత్త. సెన్సర్‌ని మళ్లీ మళ్లీ చదివే లూప్‌లో ప్రతి స్టేట్ నుంచీ టావు ఉంటుంది, అందుకే దేనికీ డెల్టా రాదు. బయట నిలబడ్డవాడికి మాత్రం యంత్రం పలకదు. చక్రాన్ని ఒక్క స్టేట్‌గా కుదిస్తే ఆ లోపం కనిపించకుండా పోతుంది. అందుకే కుదించే ముందే వెతికి, అలా తిరుగుతూ ఉండొచ్చా అని డెవలపర్‌ని అడగండి. మా దాంట్లో ఒకటి దొరికింది, సెన్సర్‌ని ఎన్నిసార్లు చదవాలో లెక్కే పెట్టలేదు.