డ్యూషెన్ ఉన్న బాబుకి ఎకో నార్మల్ వస్తే గుండె సంగతి ఇప్పట్లో చూడక్కర్లేదా?

మీ బాబుకి ఎనిమిదేళ్లు, ఎకోలో (గుండెకి తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) ఈఎఫ్, అంటే గుండె కొట్టుకున్న ప్రతిసారీ బయటికి నెట్టే రక్తం శాతం, 62 వచ్చింది, మళ్ళీ ఎప్పుడు చూపించాలి అని అడిగారు. ఏడాదికోసారి తప్పకుండా చూపించాలండీ. మావాడికి పదిహేనేళ్లు, వాడిదీ కండలు క్రమంగా బలహీనపడే ఈ డ్యూషెన్ జబ్బే. మేమూ ఎకో కాగితం చూసి హమ్మయ్య అనుకున్నవాళ్లమే.

మామూలు పిల్లలకి గుండె బలహీనపడితే మెట్లెక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. మన పిల్లలు మెట్లే ఎక్కరు, ఇక ఆయాసం ఎలా బయటపడుతుంది? మావాడికి పదకొండేళ్లప్పుడు, టీవీలో క్రికెట్ చూస్తుంటే మెడ దగ్గర నరం టకటకా కొట్టుకోవడం కనిపించింది. కరోనాకి కొన్న ఆక్సీమీటర్ వేలికి పెడితే పల్స్ 118. మ్యాచ్ టెన్షనేమో అనుకున్నా. నిద్రపోయాక పెట్టినా 104. దగ్గర్లోని డాక్టరు "పిల్లలకి అంతేనమ్మా" అనేశారు. డ్యూషెన్ పిల్లల్లో పల్స్ కాస్త ఎక్కువే ఉంటుంది, దాన్ని బట్టే ఏదీ తేలదు, నిజమే. అయినా నాకు మనసొప్పక వారం రోజుల అంకెలు రాసుకుని పిల్లల గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

ఎకోలో ఈఎఫ్ 58, అంటే నార్మలే. ఆయన అంతటితో వదలకుండా కాంట్రాస్ట్ మందు (బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించేది) ఇచ్చి గుండెకి ఎంఆర్ఐ తీయించారు. ఎడమ జఠరిక (ఒళ్లంతటికీ రక్తం నెట్టే గుండె గది) పక్క గోడలో అప్పటికే మచ్చ కడుతోంది! గుండె బాగానే కొట్టుకుంటున్నా లోపల కండ పీచులా మారుతోందన్నమాట. మామూలు ఎకోలో అది తెలియదు. పైగా స్టెరాయిడ్ వల్ల ఒళ్లొచ్చి, వెన్ను వంకర తిరిగిన పిల్లల్లో ఎకో బొమ్మే సరిగ్గా రాదు.

ఆరేడేళ్లు దాటి కదలకుండా పడుకోగలిగితే ఎంఆర్ఐకి మత్తు అక్కర్లేదు. మీవాడికి వయసు సరిపోతుంది, అడిగి చూడండి. ఆ మిషన్ మోత ఫోన్లో వినిపించి, "ఊపిరి వదులు, ఆపు" అంటూ పది అంకెలు లెక్కపెట్టి, మావాడితో వారం ముందు నుంచే ఆటలా చేయించాను. అక్కడ నాకే కంగారు, వాడికి లేదు.

లక్షణాలు లేకపోయినా పదేళ్లు వచ్చేసరికి ఎనలాప్రిల్ లాంటి, గుండెని కాపాడే మందు మొదలుపెట్టాలని 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉంది. మాకు ఏడాది ఆలస్యమైంది. ఇప్పటినుంచే మీ డాక్టరుతో మాట్లాడండి. బీపీ, కిడ్నీ, పొటాషియం చూసుకుంటూ డోసు వాళ్లే పెంచుతారు. పదేళ్లు దాటాక కూడా ఏడాదికోసారైనా పరీక్షలు చేయించాలి, గుండెలో ఏదైనా తేడా కనిపిస్తే ఇంకా దగ్గర దగ్గరగా చేయించమంటారు, హోల్టర్ (రోజంతా గుండె లయని రికార్డు చేసే చిన్న మిషన్) కూడా పెట్టవచ్చు.

ఈలోగా ఊరికే కడుపునొప్పి అన్నా, వాంతులైనా, తిండి తగ్గినా, రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా గ్యాస్ అని సిరప్ పోసి ఊరుకోకండి, మన పిల్లల్లో అవి గుండె బలహీనపడిన గుర్తులు కావచ్చు.

ఇంకో మాట. మీకు జన్యు పరీక్ష చేశారా? క్యారియర్ (ఆ జన్యు లోపాన్ని మోస్తున్న మనిషి) అయిన తల్లికీ గుండె జబ్బు రావచ్చు, మూడు నుంచి ఐదేళ్లకోసారి చూపించుకోమంటారు. నేను వాడి ఫైలు మోస్తూ నాది నాలుగేళ్లు వాయిదా వేశాను, పోయిన నెలలోనే ఎకో తీయించుకున్నా.