మోకాళ్ళ నొప్పులున్న వేటగాడికి తక్కువ ఎత్తు మంచె

టెక్సాస్‌లో జింకల వేటకు 15 అడుగుల నిచ్చెన మంచె ఎక్కడానికి మోకాళ్ళు సహకరించడం లేదని, ఎత్తు తగ్గిస్తే జింకలు పసిగడతాయేమోనని అడిగారు.

5, 6 అడుగులు చాలు. నాలుగు వైపులా గోడలు, పైకప్పు ఉన్న చిన్న గది కడితే లోపలి కదలిక బయటికి కనబడదు. కానీ ఎత్తు తగ్గితే మనిషి వాసన నేలకు దగ్గరగా వ్యాపిస్తుంది కాబట్టి, జింకలు వచ్చే దిక్కు నుంచి మీ వైపు గాలి వీచే చోటే దాన్ని నిలపండి.

అసలు జాగ్రత్త మెట్ల దగ్గరే ఉండాలి. నిటారు నిచ్చెన మానేసి, పాదం పూర్తిగా ఆనే వెడల్పాటి మెట్లు, రెండు పక్కలా చేతిపట్టు కమ్మీలు, తలుపు ముందు నిలదొక్కుకోవడానికి చిన్న అరుగు పెట్టించండి. కట్టడం ఊగేకొద్దీ మేకులు వదులవుతాయి కనుక స్తంభాలను తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన గాల్వనైజ్డ్ బోల్టులతోనే బిగించాలి. తుపాకీలో తూటాలు లేకుండా చూసుకున్నాకే మెట్లెక్కండి.

అంతవరకు పాత మంచె తప్పనిసరైతే, ఒంటినంతా పట్టి ఉంచే భద్రతా బెల్టును నేల మీద ఉండగానే, మంచె పైనుంచి నేల దాకా కట్టిన రక్షణ తాడుకు తగిలించుకోండి.